అతిథులు కారు, ఇరుగుపొరుగువారు

తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతముల తెలుగువారము పదిమందిమి కూడిన చోట తప్పక వినవచ్చు మాట యొకటి కలదు. "మన యూర మనమే పరాయివారమైతిమి" అనునదే యా మాట. పెండ్లిపందిళ్లలో వినుచున్నాము, ఉగాది సభలలో వినుచున్నాము, ఇట్టి సంచికలలో ఏటేట చదువుచున్నాము. విని విని అది మనకొక ఊతపదమైనది. ఊతపదములకు గల దోషమేమనగా, అవి చెప్పువానికి ఓదార్పు నిచ్చును గాని ఆలోచనకు చోటీయవు. పరాయితనమనగా నేమి? ఊరు పోగొట్టుకొనుట యనగా నేమి? ఈ ప్రశ్నలను నిదానించి విచారించినచో, ఆ మాట పలుకుటకు మనకంటె నెక్కువ హక్కు గలవారు మన జిల్లాలోనే, గుమ్మిడిపూండిలో, 1990 నుండి కాపురమున్నారని తెలియగలదు. వారు శ్రీలంక నుండి వచ్చిన తమిళ కాందిశీకులు. మన సభలలో వారి ప్రస్తావన వినవచ్చుట మిక్కిలి అరుదు. ఆ మౌనము తప్పని చెప్పుటకే మే మీ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట మన సంగతి చూతము. తిరుత్తణి సీమ పూర్వము కార్వేటినగర సంస్థానము క్రింద నుండినది. ఇంగ్లీషువారి యేలుబడిలో ఉత్తరార్కాటు జిల్లాలో నుండి, 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినపుడు అందులో చేరినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమవతరించినపుడు చిత్తూరుతోపాటు ఆంధ్రమునకు వచ్చినది. ఉత్తరపు సరిహద్దు తమిళులకు రావలెనని శ్రీ మ. పొ. శివజ్ఞానము మొదలగువారు తీవ్రముగా పోరాడిరి. తగవు తీర్పరిగా నియుక్తులైన పటాస్కరుగారు గ్రామమును ప్రమాణముగా గైకొని పంపకము సూచించిరి. ఆ ప్రకారము 1959లో పార్లమెంటు చట్టము చేసెను. 1960 ఏప్రిలు 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు మారెను. ఇటువైపు నుండి సత్యవేడు ప్రాంతపు గ్రామములు ఆంధ్రప్రదేశమునకు మారెను.

మార్చి 31 రాత్రి చిత్తూరు జిల్లాలో పండుకొనిన కుటుంబము తెల్లవారి చెంగల్పట్టు జిల్లాలో నిద్ర లేచెను. అయితే ఏ యింట పండుకొనెనో ఆ యింటనే లేచెను. పెరటిబావి ఎక్కడ నుండెనో అక్కడనే యుండెను. పట్టాలు చెల్లెను. ఓటు చెల్లెను. నగరికి, పుత్తూరుకు ఇచ్చిన ఆడపిల్లలు పండుగకు పుట్టింటికి వచ్చుటకు ఎవరి యనుమతియు అక్కరలేకపోయెను. కచ్చేరి భాష మారెను. జిల్లా కేంద్రము మారెను. పిల్లల పరీక్షల పద్ధతి మారెను. ఇవి చిన్న మార్పులు కావు. కాని కదలినది గీత, మనము కాదు.

ఆ గీత వలన మనకు కలిగిన కష్టమును మేము తక్కువ చేసి చెప్పుట లేదు. 2006లో చేసిన తమిళ బోధన చట్టము వలన తెలుగు మాధ్యమపు పిల్లలు పదవ తరగతిలో తమ భాషను మొదటి భాషగా వ్రాయు నవకాశమునకే మోసము వచ్చినది. అయినను అప్పుడేమి జరిగినది? అల్పసంఖ్యాకుల పక్షమున హైకోర్టు తలుపు తట్టిన వారున్నారు, మినహాయింపులు లభించినవి, 2023లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరియొక యేడు పొడిగించినది. గెలుపు పూర్తి కాలేదు, పోరు ముగియలేదు. కాని తట్టుటకు మనకొక తలుపున్నది. రాజ్యాంగములోని 29వ, 30వ అధికరణములు మన కొరకున్నవి. 1956లో చేర్చిన 350ఎ, 350బి అధికరణములు మన కొరకున్నవి. మన ఫిర్యాదు పౌరుని ఫిర్యాదు. ఎన్నికలు వచ్చినపుడు అభ్యర్థి మన వీధిలో చేతులు జోడించి తెలుగులో పలుకరించును. ఏలయన మన చేతిలో ఓటున్నది.

ఇపుడు గుమ్మిడిపూండి సంగతి చూతము. 1983 జూలైలో కొలంబోలోను, తక్కిన శ్రీలంక పట్టణములలోను తమిళులపై జరిగిన మారణకాండతో కాందిశీకులు పడవలెక్కి రామేశ్వరపు తీరమునకు రాసాగిరి. 1987 ఒడంబడిక తరువాత కొందరు మరలిపోయిరి. 1990లో యుద్ధము మరల రాజుకొనగా మరల వచ్చిరి. 1996లోను, 2006లోను ఇంకను వచ్చిరి. 1983 జూలై మొదలు 2012 ఆగస్టు వరకు వచ్చినవారు 3,04,269 మంది యని కేంద్ర హోంశాఖ లెక్క. పలువురు తిరిగిపోయిరి; కొందరు ఇతర దేశములకు చేరిరి. మిగిలినవారిలో శిబిరములలో నున్నవారే యించుమించుగా 58,000 మంది. తమిళనాట నూరుకు మించిన ఆ శిబిరములలో గుమ్మిడిపూండిది పెద్దవానిలో నొకటి.

ఆ శిబిరమున పుట్టి, ఆ శిబిరముననే పెండ్లాడి, ఆ శిబిరముననే బిడ్డలను కన్నవారున్నారు. వారికి లంక యనగా తాతలు చెప్పిన కథయే. వారు చదివినది ఇక్కడి బడులలో. పాడినది ఇక్కడి జాతీయ గీతము. డిగ్రీ పుచ్చుకొని, దానికి తగిన యుద్యోగము దొరకక, గోడలకు రంగులు వేయు యువకులు అందున్నారు. ప్రభుత్వోద్యోగము వారికి లేదు. భారతీయ పాస్‌పోర్టు లేదు. ఇంటి స్థలము తమ పేర కొనుటకు వీలు లేదు. ఓటు లేనే లేదు. నిర్ణీత దినములలో హాజరు పట్టీకి నిలువవలెను. ఊరు దాటి నాలుగు దినములుండవలెనన్న ననుమతి కావలెను.

రాష్ట్ర ప్రభుత్వము ఏమియు చేయలేదని మేమనము. 2021 ఆగస్టులో ముఖ్యమంత్రి శ్రీ మ. క. స్టాలిను శాసనసభలో 317 కోట్ల 40 లక్షల రూపాయల పథకము ప్రకటించిరి. శిథిలమైన గదుల స్థానమున 7,469 క్రొత్త యిండ్లు కట్టింతుమనిరి. నెలసరి భృతిని కుటుంబ యజమానికి 1,500, తక్కిన పెద్దలకు 1,000, పిల్లలకు 500 రూపాయలుగా పెంచిరి. "కాందిశీకుల శిబిరము" అను పేరు తీసివేసి "పునరావాస శిబిరము" అనవలెననిరి. ఇవి మెచ్చదగిన పనులే. కాని పేరు మారినంతమాత్రమున స్థితి మారదు. క్రొత్త యిల్లు కట్టియిచ్చి, అందులో నివసించువానిని విదేశీయుడవే యనుట, పెండ్లి చేసి తాళి కట్టవద్దనుట వంటిది.

చట్టమేమనుచున్నదో చూడుడు. కాందిశీకులను గూర్చిన 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందముపై గాని, 1967 నాటి దాని అనుబంధముపై గాని భారతదేశము సంతకము చేయలేదు. కాందిశీకుడను ప్రత్యేక హోదా నిచ్చు చట్టమే మనకు లేదు. ఈ నేలపై పుట్టినంతనే పౌరుడగు నియమము 1987 జూలై 1కి పూర్వము పుట్టినవారికే చెల్లును. ఆ పిమ్మట పుట్టినవారికి తల్లిదండ్రులలో నొకరు పౌరులై యుండవలెను. 2004 డిసెంబరు నుండి ఆ రెండవవారు అక్రమముగా వచ్చినవారై యుండరాదు. ఇక 2019 సవరణ పాకిస్థాను, బంగ్లాదేశము, అఫ్ఘానిస్థానముల నుండి వచ్చిన కొన్ని మతములవారికి దారి తెరచినది గాని, శ్రీలంక పేరు అందు లేదు. ప్రాణభీతితో పడవ యెక్కినవాడు వీసా తెచ్చుకొనలేదు గనుక అక్రమముగా వచ్చినవాడే యగును; వాని బిడ్డ గుమ్మిడిపూండిలో పుట్టినను అదే ముద్ర మోయును.

మండపం శిబిరమున 1986లో పుట్టిన యొక స్త్రీ పాస్‌పోర్టు కొరకు మదురై ధర్మాసనము నాశ్రయింపగా, పుట్టుకచేతనే ఆమె భారత పౌరురాలని 2022లో తీర్పు వచ్చినది. 2024 ఎన్నికలలో ఆమె ఓటు వేసినది. చట్టప్రకారము పుట్టుకతోనే గల హక్కును చేపట్టుటకు ఆమెకు 38 ఏండ్లు పట్టినవి. 2025 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము, 2015 జనవరి 9 నాటికి వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేవను కారణముచే శిక్ష లేకుండునట్లు మినహాయింపు నిచ్చినది. ఇదియు మేలే. కాని శిక్ష తప్పుట వేరు. హక్కు కలుగుట వేరు. దొంగవు కావని చెప్పినంతనే ఇంటివాడవైనట్లు కాదు.

2025 మే నెలలో సుప్రీంకోర్టున ఒక శ్రీలంక తమిళుని వ్యాజ్యము విచారణకు వచ్చినపుడు, భారతదేశము ధర్మశాల కాదను వ్యాఖ్య ధర్మాసనము నుండి వెలువడెను. ఆ వ్యక్తి తీవ్రమైన నేరమున శిక్ష పొందినవాడు. అతని వ్యాజ్యములోని మంచి చెడ్డలు మా విషయము కావు. కాని ఆ మాట పత్రికల కెక్కి, ప్రతి కాందిశీకునికి వర్తించు సూత్రమువలె మన యరుగుల మీద సయితము తిరుగుచున్నది. కనుక దానికి సమాధానము చెప్పవలసి యున్నది.

ధర్మశాల యననేమో తిరుత్తణివారికి వేరుగా చెప్పనక్కరలేదు. తిరుపతి యాత్రికులు నడచిన బాట మనది. బాటసారికి నీడ, నీరు, ఒక పూట యన్నము పెట్టిన సత్రముల సంప్రదాయము మన పెద్దలది. అయితే సత్రమునకొక నియమమున్నది. బాటసారి రెండు మూడు దినములుండును, పోవును. అతనికి పోవుటకొక యూరున్నది గనుకనే అది సత్రమైనది. ఒక్క రాత్రి నిలుచువానినే అతిథి యని ధర్మశాస్త్రములు నిర్వచించినవి. 35 ఏండ్లుగా ఒకచోట నుండి, పిల్లలను కని, పెద్దలను ఆ మట్టిలోనే కలిపినవాడు ఏ శాస్త్రము ప్రకారము అతిథి? అతడు ఇరుగుపొరుగువాడు. భారతదేశము ధర్మశాల కాదనుటకు మాకును అభ్యంతరము లేదు. ధర్మశాల కాదు గనుకనే ఎవరిని గాని తరములకొలది సత్రములో నుంచినట్లుంచరాదని మా వాదము. ఎప్పటికిని అతిథివే యని చెప్పుట మర్యాద కాదు. ఎప్పటికిని ఈ యింటివాడవు కాజాలవని చెప్పుటకు అది మెత్తని పద్ధతి.

మనవారిలో ఈ విషయమెత్తగానే వినవచ్చు ఆక్షేపణలు కొన్ని కలవు. "వారు తమిళులు, వారి సంగతి తమిళ పక్షములు చూచుకొనును, నడుమ మనమెందుకు?" అనునది మొదటిది. ఈ మాట అనువారు గుమ్మిడిపూండి తాలూకాను ఎరుగనివారై యుండవలెను. ఆరంబాక్కము వైపు పల్లెలలో తెలుగు వినబడని వీధి యుండదు. ఆ శిబిరమునకు ఆతిథ్యమిచ్చిన జనములో తెలుగువారును ఉన్నారు. వారి పిల్లలు ఒకే బడికి పోవుచున్నారు. ఒకే కర్మాగారపు గేటు ముందు కూలికి నిలుచుచున్నారు. పొరుగువాని కష్టమునకు భాష అడుగు వాడుక మన పల్లెలలో ఏనాడును లేదు.

అదియును గాక, దిక్కులేక పరుగులెత్తిన చరిత్ర తెలుగువారికి లేదా? బర్మాలో లక్షకు మించి తెలుగువారుండిరి. కోరంగి రేవు నుండి ఓడలెక్కి పోయినందున వారిని "కోరంగులు" అని పిలిచిరి. రంగూను రేవులో బరువులు మోసినది వారు. 1930 మే నెలలో సమ్మె తగవు కారణముగా చెలరేగిన అల్లరిలో వారి రక్తము ఆ వీధులలో పారినది. 1942లో జపానువారు వచ్చి పడగా, లక్షల భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకను బయలుదేరిరి; వేలమంది దారిలోనే కూలిరి. అందు తెలుగువారెందరో! 1962లో సేనాని నెవిను అధికారము చేజిక్కించుకొని, 1964లో దుకాణములను జాతీయము చేయగా, మిగిలినవారిలో లక్షలమంది కట్టుబట్టలతో ఓడ దిగిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట ఆ కాలపు గురుతు. మద్రాసు రేవు ఎదుట బర్మా బజారు ఆ కాలపు గురుతు. వచ్చినవారికి నాటి ప్రభుత్వములు చిన్న దుకాణములు పెట్టించినవి, స్థలము చూపినవి, అప్పు లిచ్చినవి. వారు పౌరులైరి గనుక రెండవ తరము నాటికి కాందిశీకుడను మాట వారిని వీడిపోయెను.

మన యింటిపేర్లనే చూడుడు. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణపండితులు 1888లో తిరుత్తణిలో జన్మించిరి. సర్వేపల్లి నెల్లూరు సీమలోని యొక గ్రామము. ఏ కాలముననో ఆ యూరు వీడి వచ్చిన కుటుంబమును ఈ నేల తనదిగా చేసికొనినది గనుకనే, ఆ యింటి బిడ్డ 1962లో రాష్ట్రపతి పీఠ మెక్కెను. "మీ పూర్వు లెక్కడివారు, మరల నక్కడికే పొండు" అని నాడెవరైన నడిగియుండినచో మనలో నెందరము ఇక్కడ మిగిలియుందుము?

శిబిరవాసులలో చెప్పుకొనదగిన భాగము కొండతోటల తమిళులని మరువరాదు. వారి తాతముత్తాతలను ఇంగ్లీషు దొరలు ఈ మద్రాసు రాజధాని జిల్లాల నుండియే కాఫీ, తేయాకు తోటలకు తోలుకొనిపోయిరి. 1948లో సింహళము చేసిన పౌరసత్వ చట్టము వారిని ఏ దేశమునకును చెందనివారిగా చేసెను. 1964 అక్టోబరు 30న శ్రీ లాల్ బహదూర్ శాస్త్రి, శ్రీమతి సిరిమావో బండారనాయకెలు వ్రాసుకొనిన ఒడంబడికలో 5,25,000 మందిని భారతదేశము, 3,00,000 మందిని సింహళము గైకొనునట్లు పంచుకొనిరి. మిగిలిన 1,50,000 మందిని 1974లో చెరిసగము చేసికొనిరి. పశువుల సంతలో మందను పంచినట్లు మనుష్యులను పంచిన ఒప్పందమది. ఆ పంపకమైనను పూర్తి కాకముందే యుద్ధము వచ్చి ఓడలు నిలిచిపోయెను. పత్రము చేతబట్టుకొని రావలసినవారు ప్రాణము చేతబట్టుకొని వచ్చిరి. మన ప్రభుత్వము తన పౌరులుగా చేసికొందునని మాట యిచ్చిన జనము యొక్క సంతతిని నేడు విదేశీయులనుట ఏ న్యాయము?

"1991 మరచితిరా?" యనునది రెండవ ఆక్షేపణ. మరువలేదు. మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరు మనకెంత దగ్గరయో మన మెరుగుదుము. ఒక మాజీ ప్రధానిని, ఆయనతోపాటు సామాన్యులను పొట్టన బెట్టుకొనిన ఆ పాపము క్షమింపరానిది. కాని ఆ పాపము చేసినది ఒక సాయుధ ముఠా. శిక్షలో పాలు పంచుకొనినది శిబిరముల జనము. పిల్లలకు బడులలో చోటు కరవాయెను. రాకపోకలపై కట్టడులు బిగిసెను. 1992 నుండి వేలమందిని లంకకు తిరుగు పడవ లెక్కించిరి. నేరము చేసినవానిని శిక్షించుట రాజధర్మము. వాని భాష మాట్లాడు చంటిబిడ్డను సయితము 30 ఏండ్లు అనుమానించుట రాజధర్మము కాదు. భాషను బట్టి జనము ననుమానించుటకు అనుమతించినచో, అల్పసంఖ్యాకులమైన మనకు ఏ నాటికైనను అది క్షేమము కాదు.

"మనకే నీరు లేదు, భూమి లేదు, పని లేదు, వచ్చినవారి నెట్లు మోయుదుము?" అనునది మూడవది. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ఆతిథ్యమిచ్చు గ్రామము కష్టము నిజమైనది. శిబిరమెక్కడ పెట్టవలెనో రాజధానిలో నిర్ణయింతురు. ఆ నిర్ణయమునకు ఊరివారి నడుగరు. బావి అదే, బడి అదే, ఆసుపత్రి అదే. మనుష్యులు మాత్రము పెరుగుదురు. కూలి తగ్గించి యిచ్చుటకు వెనుదీయని యజమాని శిబిరపు కూలివానిని పిలుచును. ఊరి కూలివాడు శిబిరమును తిట్టును. అతడు తిట్టవలసినది ఎవరిని? హక్కు లేని కూలివానిని సృష్టించిన చట్టమును. కాగితము లేనివాడు తక్కువ కూలికి తల యొగ్గును. ఎదురు తిరిగినచో వానికి దిక్కు లేదు. అతనికి పౌరసత్వ మిచ్చిన నాడు అతని కూలి పెరుగును. దానితో ఊరివాని కూలియు నిలుచును. కనుక కాందిశీకుని హక్కు ఆతిథ్యమిచ్చినవాని హక్కునకు శత్రువు కాదు.

గ్రామముల భారమును తగ్గించు మార్గములును లేకపోలేదు. మనకంటె బీదదేశమైన ఉగాండా లక్షలాది కాందిశీకులకు సాగునకు భూమి చూపి, పని చేసికొను హక్కు నిచ్చినది. కాందిశీకుల పేర వచ్చు సహాయములో నూటికి 30 పాళ్లు చుట్టుపట్ల గ్రామములకే వ్యయము చేయవలెనను నియమము పెట్టుకొన్నది. ఆ పద్ధతి మనకేల కూడదు? గుమ్మిడిపూండిలో శిబిరమునకు వేయు నీటిగొట్టము చుట్టుపట్ల పల్లెలకును చేరవలెను; శిబిరపు పిల్లల కొరకు కట్టు తరగతిగది ఊరి పిల్లలకును తెరచి యుండవలెను. 2021 నాటి ఆ పథకపు పనులలో ఇట్టి వాటా యుండవలెనని పంచాయతీలు అడుగవలెను. వారితో మన సంఘములు గొంతు కలుపవలెను.

నీటి మాట వచ్చినది గనుక మరియొక సంగతి. పూండి జలాశయములోనికి 1996 నుండి కృష్ణాజలములు వచ్చుచున్నవి. తెలుగుగంగ యని మనము గర్వపడుచున్నాము. ఆ నీరు శ్రీశైలము జలాశయమున బయలుదేరి, వెలుగోడు, సోమశిల, కండలేరులను దాటి మన జిల్లాకు చేరుచున్నది. ఆ శ్రీశైలము నిండుటకు 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నూరుకు పైగా గ్రామములు ఖాళీ యయ్యెను. లక్షమంది దాక ఇండ్లు విడిచిరి. వెళ్లమన్నవారి గోడలను ప్రభుత్వమే కూల్పించెను. పూండి జలాశయము కట్టిన నాడు మన జిల్లాలోనే తిరువెణ్పాక్కము మునిగెను. అచటి శివుని మాత్రము తెచ్చి పూండిలో మరల ప్రతిష్ఠించిరి. దేవునికి పునరావాసము దొరికినది. ఊరు పోగొట్టుకొనిన వారి త్యాగమును మనము దినదినము కడవలతో ముంచుకొని త్రాగుచున్నాము. స్థానభ్రంశము మనకు సంబంధించిన విషయము కాదనుటకు మనలో నెవరికిని నోరు రాదు.

కాందిశీకులను నిలుపుకొను విద్య ఈ దేశమునకు తెలియనిదా? తిరుత్తణి చేతులు మారిన 1960లోనే మైసూరు ప్రభుత్వము బైలకుప్పెలో టిబెటనులకు వేల యెకరముల నేల చూపినది. తూర్పు బెంగాలు నుండి వచ్చినవారికి తెలంగాణములోని కాగజ్‌నగరము ప్రాంతమున భూములిచ్చిరి. నేడు వారి పిల్లలు తెలుగు నేర్చి, ఆ నియోజకవర్గమున ఓటర్లై యున్నారు. అక్కడి ఊళ్లు మునిగిపోలేదు. చేయదలచిన నాడు చేయగలిగితిమి. గుమ్మిడిపూండి విషయమున చేయదలచలేదు, అంతియే.

కాబట్టి మన సంఘములు చేయవలసిన పనిని స్పష్టముగా చెప్పుచున్నాము. ఈ నేలపై పుట్టిన శిబిరపు బిడ్డలకును, శాస్త్రిగారి ఒడంబడిక క్రిందికి వచ్చు కుటుంబములకును మొదట, ఇక్కడనే యుండగోరు తక్కినవారికి పిదప, పౌరసత్వ మీయవలెనని తీర్మానము చేసి కేంద్రమునకు పంపవలెను. తిరిగి పోగోరువారిని వట్టి చేతులతో ఓడ యెక్కింపక, జనన పత్రములు, చదువు పట్టములు చెల్లుబడి యగునట్లు చేసి సగౌరవముగా పంపవలెనని కోరవలెను. ఆతిథ్యమిచ్చిన పల్లెలకు వాటా కోరవలెను. ఇవి ప్రభుత్వము చేయవలసినవి.

మనము చేయవలసినవి ఇంకను సులభము. మన యిండ్లకు రంగులు వేయ వచ్చిన శిబిరపు యువకునికి ఊరివానితో సమానమైన కూలి యిత్తము. మన సంఘములు ఏటేట ఇచ్చు పుస్తకములు, విద్యార్థి వేతనములు తెలుగు పిల్లలకే కాక, వారితో ఒకే బల్లపై కూర్చుండు శిబిరపు పిల్లలకును ఇత్తము. ఉగాది పచ్చడికి పిలిచినచో వారు రారా? మనము పిలువలేదు గనుక రాలేదు.

అల్పసంఖ్యాకుల హక్కు ఒక్క భాషవారి సొత్తు కాదు. మన తెలుగు బడి మూతపడరాదని కోరు నోటితోనే, మన పొరుగువాని బిడ్డ దేశము లేనిదై పెరుగరాదని కోరవలెను. మొదటిది మాత్రము కోరి రెండవదానికి ఊరకుండినచో, మన కోరిక హక్కు అనిపించుకొనదు, పక్షపాతమనిపించుకొనును. 1960లో గీత మన మీదుగా కదలినపుడు మన పౌరసత్వమునకు భంగము రానీయక కాచినది ఈ గణతంత్రము. ఆ కాపుదల గుమ్మిడిపూండి శిబిరపు బిడ్డలకును కలుగవలెనని వచ్చు సర్వసభ్య సమావేశమున మొదటి తీర్మానముగా పెట్టుదము. చర్చ జరుగనీయుడు, కాదనువారు లేచి కాదననీయుడు. మౌనముగా మాత్రము ఇక నుండవలదు.